తాళం వేసి ఉన్న వాటాలోకి ఓనరు రావచ్చా? అత్యవసర మరమ్మతు ఎంతవరకు?

మీరు రాసినది ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. పాలకొల్లులో మేడ మీద వాటాలో అద్దెకుంటున్నారు, ఓనరు గారి కుటుంబం కింద వాటాలో ఉంటుంది. మీరు మూడు రోజులు అన్నవరం, విశాఖపట్నం వెళ్ళారు. రెండో రోజు కింద హాల్లో సీలింగు నుంచి నీళ్ళు కారుతున్నాయని ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు, మీకు అందలేదు. తన దగ్గరున్న డూప్లికేట్ తాళంచెవితో తలుపు తీసి, ప్లంబరుని పిలిచి బాత్రూములో పైపు మార్పించారు. ప్లంబరుని మీ ఇంట్లో వదిలి ఆయన కిందికి వెళ్ళిపోయారు. మీరు తిరిగొచ్చి పడగ్గది గుమ్మం దగ్గర బురద కాలి గుర్తులు చూసేదాకా మీకు సంగతే తెలియదు. ఏ వస్తువూ పోలేదు, కానీ మీ శ్రీమతి గారికి ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు శ్లాబు పెచ్చులూడుతోందని, వారం రోజుల పని ఉందని ఆయన అంటున్నారు. ఆయన అలా రావచ్చా, ఈ పనికి మేం కాదనవచ్చా, తాళం మార్చేయవచ్చా అని మీ మూడు ప్రశ్నలు.

నేను కోనసీమలో సివిల్ ప్రాక్టీసు మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. ఓనర్ల తరఫునా, అద్దెదారుల తరఫునా వాదించాను. మా అమ్మ కూడా మా ఇంట్లో రెండు వాటాలు అద్దెకిచ్చేది, కాబట్టి ఈ గొడవ రెండు వైపుల నుంచీ చిన్నప్పటినుంచి చూసినవాణ్ణే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీళ్ళు కారుతుంటే లోపలికి రావడానికి ఆయనకు కారణం ఉండి ఉండవచ్చు. వచ్చిన పద్ధతి మాత్రం తప్పు. ఈ రెండూ విడివిడిగా చూడాలి, ఎందుకంటే రాబోయే శ్లాబు పనిలో మీకు పనికొచ్చేది రెండోదే.

"ఉండి ఉండవచ్చు" అని ఎందుకన్నానంటే, అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. డాబా మీద ట్యాంకు దగ్గర మీ వాటాకి విడిగా గేట్ వాల్వ్, అంటే నీళ్ళు కట్టేసే తిప్పుడు కుళాయి, ఉందా?

బాత్రూములో లీకు రెండు రకాలు. ఒకటి ట్యాంకు నుంచి వచ్చే లైనుది. దానిలో నీళ్ళు ఎప్పుడూ ఒత్తిడి మీద ఉంటాయి కాబట్టి ఇంట్లో ఎవరూ లేకపోయినా కారుతూనే ఉంటుంది. రెండోది వాడేసిన నీళ్ళు పోయే లైను, అంటే బాత్రూము నేలలో జాలీ కింద ఉండే నహాని ట్రాప్ దగ్గర, కమోడ్ చుట్టూ పగిలే జాయింట్లు. అవి ఎవరైనా స్నానం చేస్తేనే, నీళ్ళు పోస్తేనే కారతాయి. మీ వాటా తాళం వేసి ఉంది, లోపల మనిషి లేడు. అలాంటప్పుడు రెండో రోజు కూడా ధారగా కారుతోందంటే అది ట్యాంకు లైనే అయ్యుండాలి, లేదా మీరు మర్చిపోయిన కుళాయి. రెండింటికీ మందు ఒకటే. డాబా ఎక్కి వాల్వ్ కట్టేస్తే ధార ఆగుతుంది. టైల్స్ కింద నిలిచిన నీళ్ళు ఇంకొన్ని గంటలు బొట్లు బొట్లుగా దిగుతాయి, అంతే. ధార ఆగాక ఇక అత్యవసరం లేదు. మీరు వచ్చేదాకా ఆగవచ్చు, లేదా మీతో మాట్లాడి మీరు పంపిన మనిషి ఎదురుగా తలుపు తీయవచ్చు.

వాల్వ్ లేకపోతే, లేదా ఉన్నా తుప్పుపట్టి తిరగకపోతే పరిస్థితి వేరు. మన దగ్గర బోరు నీళ్ళలో ఉప్పు, ఇనుము ఎక్కువ. నాలుగైదేళ్ళు ముట్టుకోని వాల్వ్ బిగుసుకుపోవడం మామూలే. మొత్తం ట్యాంకు ఖాళీ చేసే వీలూ లేకపోతే, కింద సీలింగులో ఫ్యాన్ హుక్కు పక్కనుంచి నీళ్ళు దిగుతుంటే, కరెంటు వైర్లున్న ఆ శ్లాబు కింద పిల్లలు తిరుగుతుంటే, ఆయన తలుపు తీయడాన్ని నేను తప్పుపట్టను. అందుకే కోపంతో కాకుండా మామూలుగా అడగండి: "వాల్వ్ కట్టి చూశారా అండి?" ఆయన చెప్పే జవాబుని బట్టి మీకే తెలిసిపోతుంది.

ఇక చట్టం సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దానిలో 108వ సెక్షన్ ఓనరు, అద్దెదారు ఒకరికొకరు ఏం బాకీ ఉన్నారో చెబుతుంది. అద్దె కడుతూ ఒప్పందం ప్రకారం నడుచుకుంటున్న అద్దెదారు గడువు తీరేదాకా ఎవరి అడ్డూ లేకుండా ఆ ఇంటిని అనుభవించవచ్చని ఓనరు మాటిచ్చినట్టే లెక్క అని (సి) క్లాజు. కరారులో రాసుకోకపోయినా ఆ మాట ఉన్నట్టే. ఇల్లు ఆయనది, గడువు తీరేదాకా దాని స్వాధీనం మీది. "నా ఇంట్లోకి నేను వెళ్ళడానికి ఒకరినడగాలా" అనే ఓనర్లకి నేను మొదట చదివి వినిపించేది ఈ క్లాజే.

అదే సెక్షన్లో (ఎం) క్లాజు ఓనరుకీ ఒక దారి ఇచ్చింది. తగిన వేళల్లో ఓనరు గానీ ఆయన మనుషులు గానీ వచ్చి ఇంటి పరిస్థితి చూసుకోవడానికి, ఏదైనా పాడైతే నోటీసు ఇవ్వడానికి అద్దెదారు ఒప్పుకోవాలి. పాడైనది అద్దెదారు వల్లే అయితే నోటీసు అందిన మూడు నెలల్లో బాగుచేయించాలి. ఇక్కడ "తగిన వేళల్లో" అన్న మాట గట్టిగా పట్టుకోండి. మీరు లేనప్పుడు, మీకు తెలియకుండా అన్నది దాని కిందికి రాదు. ఓనర్లు కూడా ఒకటి గమనించాలి. ఆ క్లాజు చెప్పింది చూసుకోవడం గురించి, నోటీసు గురించి. గోడ పగలగొట్టి వారం రోజులు పని చేయించడం గురించి అక్కడ లేదు. అది కరారులో రాసుకోవాల్సిన విషయం.

మన రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లో కొత్త చట్టం వచ్చింది. 2021లో కేంద్రం రాష్ట్రాలకు నమూనాగా ఒక అద్దె చట్టం తయారుచేసి పంపింది. అది నేరుగా మన మీద అమలయ్యేది కాదు గానీ, ఏది మర్యాదో కొలవడానికి అంతకంటే తేలికైన కొలబద్ద నాకు కనబడలేదు. ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో, ఫోన్ మెసేజీ లాంటి వాటితోనో చెప్పాలి. ఎందుకొస్తున్నారో, ఏ రోజు, ఏ వేళకో అందులో ఉండాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. యుద్ధం, వరద, అగ్ని ప్రమాదం, తుఫాను, భూకంపం లాంటి ఆపదల్లో మాత్రం ఈ ముందస్తు నోటీసు అక్కర్లేదు. ఆ వరుసలో వరద, తుఫాను ఉన్నాయి చూశారా, గోదావరి పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళకి అవి పుస్తకంలో మాటలు కావు.

2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు ఒక లంక ఊళ్ళో కింద వాటాలో అద్దెకున్న ఉద్యోగులు ఊళ్ళో లేరు. మేడ మీదున్న ఓనరు తాళం పగలగొట్టి, మెయిన్ కట్టేసి, వాళ్ళ ఫ్రిజ్‌నీ బియ్యం బస్తాల్నీ మేడ మీదికి చేర్చాడు. అది చేయకపోతే అన్నీ నీళ్ళపాలయ్యేవి. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా ఒక బంగారు గొలుసు గురించి మాట వచ్చి నా దగ్గరకొచ్చారు. గొలుసు చివరికి వాళ్ళ అత్తగారింట్లోనే దొరికింది. కానీ ఆ ఇరవై రోజులు ప్రాణం పెట్టి సామాను మోసిన మనిషి దొంగలా తలదించుకు తిరిగాడు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు మంచి పనే. కానీ పక్కన ఇంకో మనిషిని పెట్టుకోలేదు, ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకోలేదు.

దీని పక్కన మా అమ్మ చేసినది చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను. మా ఊరు ముమ్మిడివరం దగ్గర. మా పెంకుటింట్లో పడమటి వాటాలో ఒక మాస్టారు ఉండేవారు, భార్యని పురిటికి తణుకు తీసుకెళ్ళారు. తెల్లారేసరికి కొబ్బరిచెట్టు పడి ఆ వాటా మీద పెంకులు సగం లేచిపోయాయి, వాన లోపలికే పడుతోంది. తాళంకప్ప మాస్టారిది, చెవి ఆయన దగ్గరే ఉంది. అమ్మ పక్కింటి పెద్దాయననీ, పోస్టుమాస్టరు గారి భార్యనీ పిలుచుకొచ్చి, వాళ్ళిద్దరి ఎదురుగా తాళం పగలగొట్టించింది. పుస్తకాలు, పరుపు, ట్రంకు పెట్టె, బియ్యం డబ్బా మా వాటాలోకి తెచ్చి, నోటుబుక్కు కాగితం మీద ఏమేం తెచ్చామో, ట్రంకుకి తాళం ఉందని, తెరవలేదని రాయించింది. రాసింది నేనే, అప్పుడు లా చదువుతున్నాను. కింద ఆ ఇద్దరి చేతా సంతకాలు పెట్టించింది. కొత్త తాళం వేయించి చెవి తన దగ్గర పెట్టుకోలేదు, పోస్టుమాస్టరు గారింట్లో ఇచ్చేసింది. "మన దగ్గరుంటే ఆయనకి అనుమానం రాకపోవచ్చు, కానీ అనుమానం వచ్చే వీలు మాత్రం ఉంటుంది కదరా" అంది. నేను కాలేజీలో చదివిన ఏ పాఠమూ నాకు ఇంతగా ఉపయోగపడలేదు. మాస్టారు ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

నిజమైన అత్యవసరంలో తలుపు తీసే ఓనరు పాటించాల్సినది ఇంతకంటే ఎక్కువేమీ లేదు. ఒంటరిగా వెళ్ళకూడదు, సంబంధం లేని మనిషి ఒకరు తోడుండాలి. తాళం తీయక ముందు నుంచి వీడియో తీయాలి, ఇవాళ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. బాత్రూములో లీకైతే బాత్రూము దాకానే. వంటగదిలో గ్యాసైతే వంటగది, కిటికీలు. బీరువా ఉన్న గదిలో అడుగు పెట్టే పని లేదు. పనివాణ్ణి లోపల ఒంటరిగా వదలకూడదు. ఆపద ఎంతవరకో రాక అంతవరకే. ఆగినంత వరకు ఆపి, మిగతా పని మీరొచ్చాక చేయించాలి. బయటికొచ్చిన వెంటనే ఫోన్ అందినా అందకపోయినా ఒక మెసేజీ పెట్టాలి: ఎందుకు తెరిచారు, ఎన్నింటికి, ఎవరెవరు, ఏం చేశారు. వీటిలో మీ ఓనరు గారు ముఖ్యంగా తప్పింది రెండు విషయాల్లో. ప్లంబరుని ఒంటరిగా వదిలేశారు, మీకు చెప్పలేదు. మీ శ్రీమతి గారి భయం అతి కాదు. ఎవరో తిరిగిన గుర్తులు తన పడగ్గది దగ్గర చూసి, ఎవరో తెలియక గడిపిన ఆ కాసేపు ఎవరికైనా వణుకు పుడుతుంది.

గ్యాసు గురించి ఓనర్లు, అద్దెదారులు ఇద్దరూ తెలుసుకోవాలి కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. తాళం వేసిన వాటాలోంచి గ్యాసు వాసన వస్తే ఆలస్యం చేయకూడదు, తాళం పగలగొట్టడం తప్పనే మాటే లేదు. కానీ ముందు కాలింగ్ బెల్ నొక్కకండి. బెల్లు స్విచ్చులో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. లైటు వేయడం, ఆపడం రెండూ వద్దు. వంట గ్యాసు గాలి కంటే బరువు, నేల మట్టాన పేరుకుంటుంది. కాబట్టి పై కిటికీ ఒక్కటే తీస్తే పోదు, తలుపులు బార్లా తీయాలి. రెగ్యులేటర్ కట్టేయాలి. బయటికొచ్చి, దూరంగా నిలబడి 1906కి ఫోన్ చేయాలి. మంటయితే 101.

కరెంటు సంగతీ అంతే. వానాకాలంలో మన గోడలు చెమ్మ పీలుస్తాయి, కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది అని కింద వాటావాళ్ళు చెబితే, పై వాటాలో ఏ గీజరు నుంచో కరెంటు లీకవుతూ ఉండవచ్చు. దానికీ ముందు తలుపు తీయనక్కర్లేదు. మెట్ల కింద మీటరు దగ్గర ఆ వాటా మెయిన్ కట్టేస్తే సరిపోతుంది. ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయి, అది పెద్ద నష్టం కాదు, ఆ సంగతి ఫోన్లో చెబితే చాలు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగలో లోపమైతే 1912. మీటరు దగ్గర 30 మిల్లీ యాంపియర్ల లీకేజీకే తెగిపోయే బ్రేకరు పెట్టించమని మీ ఓనరు గారిని ఈ సందర్భంలోనే అడగండి. ఆయన ఇంటికీ అదే రక్ష.

ఒక చిన్న మాట పోలీసు స్టేషన్ గురించి, ఎవరో ఒకరు మీకు ఆ సలహా ఇచ్చే ఉంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ అక్రమ ప్రవేశం గురించి. అక్కడ నేరం కావాలంటే నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. కారుతున్న నీళ్ళు ఆపడానికి ప్లంబరుతో వచ్చిన మనిషి మీద అది నిలబడదు. పెద్ద హాని తప్పించడానికి దురుద్దేశం లేకుండా చేసిన పనికి అదే చట్టంలో 19వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మంటలు పాకకుండా ఇళ్ళు కూల్చిన మనిషి ఉదాహరణ అక్కడే ఉంది. ఏదైనా వస్తువు పోయుంటే మాత్రం ఆ రోజే ఫిర్యాదు ఇవ్వమనేవాణ్ణి. మీ విషయంలో పోలేదు కాబట్టి ఆ దారి వద్దు. కోపంతో అద్దె ఆపడం అసలే వద్దు. (సి) క్లాజు కాపాడేది అద్దె కట్టేవాణ్ణే. ఓనరు తీసుకోనన్నా బ్యాంకులో వేసి రసీదు దాచుకోండి.

ఇక శ్లాబు పని. దీన్ని మీరు కాదనకూడదు.

ఎందుకో చెబుతాను. నర్సాపురం, పాలకొల్లు, భీమవరం వైపు గాలిలో, నేలలో, నీళ్ళలో ఉప్పు ఉంది. కాంక్రీటులోకి చెమ్మ, ఉప్పు దిగితే లోపలి ఇనుప ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బిన ఊచ కింది కాంక్రీటుని తోసేస్తుంది. మనం చూసే పెచ్చులు అవే. పైన సున్నం వేస్తే కనబడకుండా పోతుంది గానీ లోపల ఊచ సన్నబడుతూనే ఉంటుంది. వదులైన కాంక్రీటంతా చెక్కేసి, ఊచల తుప్పు గీకి, తుప్పు పట్టకుండా పూత పూసి, మళ్ళీ మందు కలిపిన సిమెంటుతో పూడ్చాలి. దుమ్ము, చప్పుడు, రాలే ముక్కలు, అందుకే వారం అంటున్నారు. అద్దెదారు ఒకాయన పిల్లల పరీక్షలని, పండగని, ఇంకోటని నాలుగు నెలలు వాయిదా వేయించారు. చివరికి అరచెయ్యంత పెచ్చు అన్నం తింటున్న పిల్లవాడి కంచం పక్కన పడింది. పిల్లవాడికి ఏమీ కాలేదు. ఆ తండ్రి మొహం ఇప్పటికీ నాకు గుర్తుంది.

కాదనకూడదంటే ఎలాగైనా రానివ్వాలని కాదు. ఇది అత్యవసరం కాదు, తొందరగా చేయించాల్సిన పని. తొందర పనికి తారీఖు ఉంటుంది. ఏ గది ఏ రోజు, పనివాళ్ళు ఎన్నింటికొచ్చి ఎన్నింటికి వెళతారు, మేస్త్రీ ఎవరు, సామాను ఎక్కడికి జరపాలి, దాని మీద కప్పే పట్టాలు ఎవరు తెస్తారు, సాయంత్రం చెత్త ఎవరు ఎత్తుతారు. ఇవన్నీ ఒక కాగితం మీద అడగండి. ఇంట్లో ఆడవాళ్ళు ఒక్కరే ఉన్న వేళ పని పెట్టొద్దనడం మీ హక్కే, ఏ మంచి మేస్త్రీ అయినా అది ముందే అడుగుతాడు. పడగ్గది పని జరిగే రెండు రోజులు మీరు ఉండలేకపోతే ఆ రోజుల అద్దె తగ్గించమనడం న్యాయమైన కోరిక. చాలామంది ఓనర్లు అడిగితే ఒప్పుకుంటారు, అడగకపోతే వాళ్ళకి తట్టదు. వాన తగ్గిన నెలల్లో పెట్టుకోండి, తడి కాంక్రీటు మీద చేసిన పూత నిలవదు.

మరమ్మతు ఖర్చు ఎవరిదన్న అనుమానం కూడా మీ ఉత్తరంలో లీలగా ఉంది. శ్లాబు, గోడలు, లోపలి పైపులైన్లు, వైరింగు ఓనరువి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తలుపు గొళ్ళేలు, మూసుకుపోయిన జాలీ లాంటి రోజువారీ వాడకంలో పాడయ్యేవి అద్దెదారువి. నమూనా చట్టం పంపకం దాదాపు ఇదే, మన ఊళ్ళ ఆచారమూ ఇదే. 1882 చట్టంలో ఓనరు అన్ని మరమ్మతులూ చేయించి తీరాలని లేదు, కరారుని బట్టి, స్థానిక ఆచారాన్ని బట్టి ఉంటుంది. తను చేయించాల్సినదాన్ని నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని (ఎఫ్) క్లాజు. నోటీసు ఇవ్వకుండా మినహాయిస్తే మాత్రం అది బాకీగా మిగలవచ్చు, అందుకే నోటీసు రాతలోనే ఇవ్వండి.

మరమ్మతు పేరు చెప్పి ఖాళీ చేయించే ఓనర్లూ ఉన్నారు, దాచి లాభం లేదు. ఒక కేసులో పై పెంకులు "మార్చడానికి" దింపించి, మళ్ళీ వేయించకుండా ఇరవై రోజులు వదిలేశారు, మధ్యలో మోటారు "రిపేరు" అయింది. అద్దెదారు బట్టల కొట్టులో పనిచేసే ఒక ముసలాయన. కోర్టు నుంచి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చాకే పెంకులు ఎక్కాయి, నీళ్ళొచ్చాయి. గుర్తు ఏమిటంటే, నిజంగా బాగుచేయించే మనిషికి పని ఎప్పటికి అవుతుందో చెప్పడం కష్టం కాదు. ఖాళీ చేయించాలనుకున్న మనిషి మొదలయ్యే రోజే చెబుతాడు. నీళ్ళు, కరెంటు ఆపి మనిషిని వెళ్ళగొట్టడాన్ని ఏ కోర్టూ మెచ్చదు. తాళం మార్చేసి బయట పెడితే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు. లాయరు ఫీజు కట్టలేనివాళ్ళు 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు దారి చూపిస్తారు. మీ ఓనరు గారు అలాంటి మనిషని మీ ఉత్తరంలో నాకు ఎక్కడా అనిపించలేదు.

తాళం మార్చవచ్చా అంటే, మార్చవచ్చు. మన పాత ఇళ్ళలో గొళ్ళెం ఓనరుది, తాళంకప్ప అద్దెదారుది, ఎవరి చెవి వాళ్ళదే. కొత్త ఇళ్ళలో తలుపులోనే తాళం రావడంతో డూప్లికేట్ చెవి ఓనరు దగ్గర ఉండిపోవడం మొదలైంది. తలుపు పాడు కాకుండా ఆ తాళం లోపలి భాగం మార్పించుకుని, వెళ్ళేటప్పుడు పాతది తిరిగి బిగించి ఇస్తానని చెప్పి చేయండి. చెప్పకుండా చేయొద్దు. కరారులో వద్దని రాసుంటే ముందు ఒప్పించండి. కానీ కొత్త చెవి ఒకటి అందుబాటులో ఉండేలా చూడండి. రాత్రి రెండింటికి మీ వాటాలో పొగొస్తే మీ సామాను కాపాడేది కింద ఉన్న ఆయనే.

నేను చేయించేది ఒకటే పద్ధతి. చెవిని ఒక కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట ఇద్దరూ సంతకం చేసి, ఇద్దరికీ నమ్మకమున్న ఇంట్లో, లేదంటే ఓనరు దగ్గరే ఉంచడం. కవరు చిరిగిందంటే తెరిచారని తెలుస్తుంది, ఎందుకో చెప్పాల్సి వస్తుంది. దానితో పాటు కరారులో ఈ నాలుగు ముక్కలు చేర్చండి, మీ 11 నెలల కాగితం ఈసారి మార్చేటప్పుడు:

"మరమ్మతు నిమిత్తం ఇంట్లోకి రావలసి వచ్చినప్పుడు ఓనరు కనీసం ఒక రోజు ముందు ఫోన్ మెసేజీ ద్వారా కారణం, వేళ తెలియజేయాలి, అద్దెదారు కారణం లేకుండా కాదనరాదు. నిప్పు, గ్యాసు, కరెంటు లీకు, ఆపలేని నీటి లీకు, వరద, తుఫాను సందర్భాల్లో మాత్రం అద్దెదారుకూ, ఈ కింద రాసిన అత్యవసర నంబరుకూ ఫోన్ చేసి, అందకపోతే ఒక సాక్షి సమక్షంలో తలుపు తీయవచ్చు. అవసరమైన చోటు దాటి వెళ్ళరాదు. తీసిన గంటలోపు విషయం తెలియజేయాలి. ఓనరు తరఫున వచ్చే మనిషి పేరు ఈ కరారులో రాసిన పేరే అయి ఉండాలి."

చివరి వాక్యం కోనసీమ కేసుల నుంచి నేర్చుకున్నది. ఇక్కడ ఎన్నో ఇళ్ళ ఓనర్లు కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఉంటారు, చెవి బావమరిది దగ్గర, బావమరిది లేనప్పుడు ఆయన స్నేహితుడి దగ్గర. చట్టం ఓనరు మనుషుల్ని కూడా ఒప్పుకుంటుంది. ఆ మనిషి ఎవరో అద్దెకున్న ఇల్లాలికి ముందు తెలియాలి కదా. అత్యవసర నంబరుగా మీ తమ్ముడిదో, ఆ ఊళ్ళోనే ఉన్న స్నేహితుడిదో ఇవ్వండి. ఆ నంబరు ఉండుంటే మొన్న ఆయన మూడో ఫోన్ అటు చేసేవారు, మీ తరఫు మనిషి వచ్చి ప్లంబరు పక్కన నిలబడేవాడు.

ఇప్పుడు చేయాల్సినది: ఆదివారం పూట ఇద్దరూ కలిసి కిందికి వెళ్ళండి, మీ శ్రీమతి గారిని తప్పకుండా తీసుకెళ్ళండి. "నీళ్ళు కారితే మీరు రావడం తప్పనం బాబాయ్ గారూ, మాకు ఒక్క ముక్క చెప్పుంటే బాగుండేది, ఈవిడ చాలా భయపడింది" అని ఆవిడ ఎదురుగానే చెప్పండి. ఆయన తగ్గి మాట్లాడతారని నా నమ్మకం. ఆ మాట అయ్యాక శ్లాబు పని తారీఖులు అడిగి రాసుకోండి, కవరు సంగతి చెప్పండి. డాబా ఎక్కి ఇద్దరూ కలిసి మీ వాటా వాల్వ్ ఎక్కడుందో చూడండి. తిరగకపోతే శ్లాబు పనికొచ్చే మేస్త్రీ చేతే ప్లంబరుని పిలిపించి, ఇత్తడిది కొత్తది వేయించమనండి.